అరుణాదేవి మందుకు అనుమతి

తాండూరు బస్టాండు నుంచి రైల్వే స్టేషను వైపు పోయే రోడ్డు మీద, బండలు పాలిష్ చేసే షెడ్లకు కొంచెం ఇవతల, అరుణాదేవి జొన్నరొట్టెల దుకాణం ఉంది. దానికి పేరు లేదు, బోర్డు లేదు. పొద్దున కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేవాళ్లు బైకులు ఆపి రొట్టె, ఇక్కడివాళ్లు పుంటికూర అనే గోంగూర కట్టించుకుని పోతారు. మధ్యాహ్నం లారీ డ్రైవర్లు, సేడం వైపు నుంచి కన్నడంలో మాట్లాడుకుంటూ వచ్చే వ్యాపారులు బల్లల మీద కూర్చుని తింటారు. ఆమె చేతి రొట్టెకు ఊళ్లో ఎంత పేరుందో, ఆమె నోటికి అంతకన్నా ఎక్కువ పేరుంది. రొట్టెకు వంక పెట్టినవాడు మళ్లీ ఆ దుకాణానికి రావాలంటే కొన్నాళ్లు పడుతుంది.

ఆమె దౌల్తాబాద్ పక్క పల్లెలో పెద్ద రైతు ఇంట్లో పుట్టింది. ఇంటర్ దాకా చదివింది. భర్త వెంకటయ్య వాళ్లదీ భూములున్న కుటుంబమే. కానీ వెంకటయ్యకు పొలం గట్టు మీద నడిస్తేనే చెప్పులు పాడవుతాయన్న బెంగ. కందిచేలు కౌలుకిచ్చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆరోగ్య బీమా పాలసీలు అమ్మే ఏజెంటయ్యాడు. కొడంగల్ సంతలో, దౌల్తాబాద్ చాయ్ హోటళ్లలో, పెళ్లిపందిళ్లలో, చివరికి చావింటి అరుగు మీద కూడా ఆయన చెప్పే మాట ఒక్కటే.

"కార్డు చూపెట్టుడు, పండుడు, మంచిగయ్యి ఇంటికొచ్చుడు. మిగతాదంత కంపెనీ చూసుకుంటది. ఫికరే లేదు."

భార్య రోడ్డు మీద రొట్టెల దుకాణం పెట్టినప్పుడు మాత్రం ఆయనకు ఫికరు పట్టుకుంది. చుట్టాలంతా ఒకరి తర్వాత ఒకరు ఇంటికొచ్చారు. భూములున్న ఇంటి కోడలు లారీ డ్రైవర్లకు రొట్టెలు కొట్టి పెట్టడమేమిటన్నారు. అరుణాదేవి వాళ్లందరికీ చాయ్ పోసి, తాగేదాకా ఆగి, ఒకే సమాధానం చెప్పింది. "నేను పిండి పిసికి రొట్టె అమ్ముతున్న. మీ అన్న మాటలు పిసికి అమ్ముతుండు. ఆయనను చూసి సిగ్గుపడనోళ్లు నన్ను చూసి ఎందుకు సిగ్గుపడుతుండ్రు?"

ఆ రోజు వెంకటయ్య దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాడు.

దుకాణంలో ఆమెకు తోడు శంకరమ్మ. గొర్లు కాసే కుటుంబం. భర్త మందతో తిరిగితే ఆమె పొద్దున పల్లె నుంచి ఆటోలో వచ్చి పొయ్యి ముట్టించేది. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి కలిపి ముద్ద చేయడం శంకరమ్మ పని. ఆ ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో కొట్టి, తిప్పి, పలచగా పెనమంత చేసి వేయడం అరుణాదేవి పని. ఆ చప్పుడు రోడ్డు దాకా వినబడేది.

ఒక వానాకాలం ఆ చప్పుడు మందగించింది. పొద్దున లేవగానే ఆమె వేళ్లు ముడుచుకునేవి కావు. ముడిస్తే చాపలేకపోయేది. కీళ్ల దగ్గర వాచి, పట్టుకుంటే వేడిగా ఉండేవి. పెళ్లినాటి ఉంగరం వేలికి కోసుకుపోతుంటే కంసాలి దగ్గరికి పోయి ఉంగరాన్నే కోయించింది. తాండూరులో ఒక డాక్టరు నొప్పిబిళ్లలు రాశాడు. వాటితో కడుపులో మంట తప్ప ఇంకేమీ పుట్టలేదు. చివరికి ఎవరో చెబితే, వారానికొకసారి హైదరాబాదు నుంచి వికారాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చే కీళ్ల డాక్టరు ఇమ్మానుయేలు దగ్గరికి రైల్లో పోయింది.

డాక్టరు ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో కీలూ నొక్కి చూశాడు. రక్తపరీక్షలు చేయించి, ఇది కీళ్లవాతమని, వయసుతో వచ్చే అరుగుదల కాదని, ఒంట్లోని రక్షణ శక్తే దారి తప్పి కీళ్లను తినేస్తోందని చెప్పాడు. వారానికొకసారి వేసుకునే మాత్ర రాశాడు. కొన్ని నెలలు బాగానే ఉంది. తర్వాత పరీక్షల్లో కాలేయం దెబ్బతిన్నట్టు తేలింది, మాత్ర ఆపేశారు. ఇంకో మాత్ర మొదలుపెడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. అదీ ఆపేశారు.

"ఇక ఇంజెక్షనే అమ్మా," అన్నాడు ఇమ్మానుయేలు. "సెలైనులో కలిపి నరంలోకి ఎక్కిస్తాం. ఒక పూట ఇక్కడ మంచం మీద ఉండాలి. పదిహేను రోజులకు ఇంకోసారి. ఆరునెలలకు మళ్లీ చూసుకుని ఇస్తాం. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. ఇప్పుడున్నది వాపు, అది తగ్గుతుంది. ఎముక వంకరపోతే మాత్రం ఏ మందూ తిన్నగా చేయదు."

మందు ఖరీదైనది. అయినా అరుణాదేవికి భయమేమీ కలగలేదు. ఇంట్లోనే ఏజెంటున్నాడు, ఏళ్లుగా తప్పకుండా కడుతున్న పాలసీ ఉంది.

ఆసుపత్రిలో బీమా బల్ల దగ్గర మనీషా అనే అమ్మాయి కూర్చుంటుంది. ఆమె పద్ధతంతా చెప్పింది. ఇంత ఖరీదైన మందుకు కంపెనీ ముందుగా అనుమతివ్వాలి. ఆసుపత్రి కాగితాలు పంపుతుంది, కంపెనీలో డాక్టర్ల బృందం చూస్తుంది, సరేనంటే మందు తెప్పిస్తారు. అరుణాదేవి సంతకం పెట్టి రైలెక్కింది. ఇంటికొచ్చి చెబితే వెంకటయ్య పేపరు మీద నుంచి తలెత్తకుండా అన్నాడు, "అది మామూలే. పొద్దుగూకేసరికి వస్తది అనుమతి."

పొద్దుగూకింది. తర్వాత చాలా పొద్దులు గూకాయి. వచ్చింది అనుమతి కాదు, ఒక ప్రశ్న. ముందుగా చవక మాత్రలు వాడి చూడకుండా నేరుగా ఇంజెక్షన్ ఎందుకు ఇస్తున్నారు?

మనీషా ఆ ముక్క చదివి వినిపించినప్పుడు అరుణాదేవి మొదట అర్థం చేసుకోలేకపోయింది. "రెండు మాత్రలు మింగిన గదా బిడ్డా. ఒకటి లివరు పాడుచేసె, ఇంకొకటి తోలు పాడుచేసె. ఆ కాగితాలు పంపలేదా?"

"మొదటి రోజే పంపినం ఆంటీ. రిపోర్టులతోని సహా."

"మరి ఈ అడిగేటాయన డాక్టరేనా?"

"డాక్టరే అంటరు. పేరుండదు. మెడికల్ టీమ్ అని ఉంటది, అంతే."

"పేరు చెప్పుకోలేని డాక్టరు," అంది అరుణాదేవి. "నాకైతే ఆయన చదువురాని డాక్టరు లెక్కనే కనపడుతుండు."

మనీషా నవ్వు ఆపుకుని అవే కాగితాలు మళ్లీ పంపింది. ఇమ్మానుయేలు ఒక ఉత్తరం కూడా రాసి జతచేశాడు. ఈసారి ఇంకో ప్రశ్న వచ్చింది. ఒక్క పూటలో అయిపోయే చికిత్సకు ఆసుపత్రిలో చేరడం దేనికి, బయటి రోగిగా తీసుకోవచ్చు కదా, బయటి రోగికి పాలసీ వర్తించదు కదా అని. సెలైను ఎక్కుతున్నంతసేపూ రక్తపోటు చూస్తూ ఉండాలని, ఈ మందు కొందరికి ఊపిరి ఆడకుండా చేస్తుందని, చెట్టు కింద కూర్చోబెట్టి ఎక్కించేది కాదని డాక్టరు మళ్లీ రాశాడు. చెట్టు కింద అన్న మాట ఆయన నిజంగానే రాశాడు. పాపం, అప్పటికి ఆయన ఓపిక కూడా అరిగిపోతోంది. కంపెనీ ఓపిక మాత్రం అరిగేది కాదు. నొప్పి వాళ్ల ఒంట్లో లేదు కాబట్టి వాళ్లు ఎంతకాలమైనా ప్రశ్నలడుగుతూ ఉండగలరు. ప్రశ్న అడిగిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, రోగం కన్నా తెలివైనవాడు.

ఈలోగా రొట్టెలు కొట్టడం శంకరమ్మ మీద పడింది. ఆమె కొట్టిన రొట్టె మందంగా ఉండేది. వచ్చినవాళ్లు ఏమీ అనకుండా తినేవాళ్లు. ఆ ఏమీ అనకపోవడమే అరుణాదేవికి మింగుడుపడలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాల్సి వచ్చేది. జడ వేసుకోలేక ముడి చుట్టుకునేది, అదీ శంకరమ్మ చేత. ఒకరోజు శంకరమ్మ ఆమె తల దువ్వుతూ మెల్లగా అడిగింది.

"అక్కా, మాది గూడ సారు చేయించిన పాలసీనే గదా. మాకు గూడ గిట్లనే చేస్తరా?"

అరుణాదేవి తల తిప్పి ఆమెను చూసి అంది, "ఏజెంటు పెండ్లానికే గిట్ల చేసిండ్రంటె, నీకు ఇంక జవాబు చెప్పనీకె గూడ రారు."

మూడోసారి వచ్చిన ప్రశ్నకు ఆమె నవ్వింది. అనుమతి కాగితం మీద ఆమె పెట్టిన సంతకం, పాలసీ తీసుకున్నప్పటి సంతకంతో సరిపోలడం లేదట. రోగి ఈమేనని రుజువు చేయాలట.

మనీషా ఆ మాట చెప్పలేక చెప్పింది. అరుణాదేవి తన కుడిచేయి ఆ బల్ల మీద పెట్టింది. చూపుడువేలు, నడిమివేలు చిటికెనవేలి వైపుకు వాలిపోయి ఉన్నాయి. పిడికిలి దగ్గర కీళ్లు గుండ్లలా పైకి లేచాయి.

"ఈ చేతితోని పెట్టిన సంతకం అది. అప్పటి సంతకం కావాల్నంటె అప్పటి చెయ్యి కావాలె. అప్పటి చెయ్యి కావాల్నంటె మందు కావాలె. మందు కావాల్నంటె వాళ్లకు అప్పటి సంతకం కావాలె. మస్తుగుంది వాళ్ల తెలివి."

"వేలిముద్ర ఏసి పంపుదామా ఆంటీ? దానికి ఒప్పుకుంటరు."

"ఎయ్య," అంది అరుణాదేవి. "సదువుకున్నదాన్ని. నా పేరు నేను రాసుకుంట. వాళ్లు గుర్తుపట్టకపోతె అది వాళ్ల గుడ్డితనం."

కొత్త కాగితం మీద మళ్లీ సంతకం పెట్టింది. కలం వేళ్ల మధ్య నిలవక రెండుసార్లు కింద పడింది. వెనక వరసలో నిలబడ్డవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు.

అదే వారంలో వెంకటయ్యకు కంపెనీ నుంచి ఒక ఆహ్వానం వచ్చింది. జిల్లాలో బాగా పాలసీలు చేయించిన ఏజెంట్లకు వికారాబాదులో ఒక ఫంక్షన్ హాల్లో సన్మానం. భార్యలను కూడా వెంట తీసుకురావాలని రాశారు. వెంకటయ్య ఆ ఆహ్వానాన్ని టీవీ పక్కన నిలబెట్టాడు. అరుణాదేవిని రమ్మని అడగడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు. ఆమే అంది, వస్తానని. ఆయన మొహం వికసించింది. భార్య ఇన్నాళ్లకు తన వృత్తిని గౌరవించిందని అనుకున్నాడు. మగవాడికి ఒక పట్టు శాలువా దొరకబోతోందంటే ఎంత అమాయకత్వమైనా వచ్చేస్తుంది.

ఫంక్షన్ హాలు నిండా పూలు, బెలూన్లు, నవ్వుతున్న కుటుంబాల ఫోటోలు. ఫోటోల్లో ఒక్కరూ జబ్బుపడ్డవాళ్లలా లేరు. బ్రాంచి మేనేజరు ప్రవీణ్ మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. కంపెనీ అంటే వ్యాపారం కాదన్నాడు, కుటుంబమన్నాడు. కష్టంలో ఉన్నవాడి భుజం మీద చేయి వేసేది తామేనన్నాడు. తర్వాత వెంకటయ్యను పైకి పిలిచి శాలువా కప్పారు. హాలంతా చప్పట్లు. అరుణాదేవి మొదటి వరసలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

ప్రవీణ్ అది గమనించాడు. సరదా చేద్దామనుకున్నాడు. మైకు పట్టుకుని మెట్లు దిగి ఆమె ముందుకొచ్చాడు.

"అందరూ కొడుతున్నారు, మేడం ఒక్కరే చప్పట్లు కొట్టట్లేదు. సారు మీద అలిగారా మేడం?" అని మైకు ఆమె నోటి ముందు పెట్టాడు. జనం నవ్వారు.

అరుణాదేవి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అలగలే సార్. చప్పట్లు కొట్టనీకె చేతులు వస్తలెవ్వు." రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "దీనికి మందున్నది. డాక్టరు రాసిండు. మీరు ఒప్పుకోవాల్నట. ఎండకాలం పోయి వానకాలం వచ్చింది, మీరింక ఒప్పుకోలే. ఇందాక భుజం మీద చెయ్యేస్తమన్నరు గదా. భుజం మంచిగనే ఉంది సార్. నాకు చేతులే కావాలె."

నవ్వు ఆగిపోయింది. ప్రవీణ్ మైకు వెనక్కి తీసుకునేలోగా వెనక కుర్చీల్లోంచి ఇంకో ఏజెంటు లేచి, తన తమ్ముడికి డయాలసిస్ కూడా ఇట్లాగే ఆగిందన్నాడు. మరొకరు లేవబోయారు. ప్రవీణ్ ఇవన్నీ ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందామని, ఇప్పుడు అందరూ భోజనాలకు లేవాలని చెప్పాడు. పాటలు పెట్టించాడు. వేదిక మీద వెంకటయ్య శాలువాతో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన్ని దిగమని చెప్పడం అందరూ మరిచిపోయారు.

తిరుగు రైల్లో ధారూరు దాటాక ఆయన అన్నాడు, "పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్."

"నేను తియ్యలే. ఉన్నదో లేదో చూసిన," అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మర్నాడు ప్రవీణ్ ఫోన్ చేసి, ఈ విషయాన్ని తాను స్వయంగా పైకి పంపుతున్నానని, నిశ్చింతగా ఉండమని చెప్పాడు. పైకి అంటే ఎక్కడికో ఎవరికీ తెలియదు. పైనుంచి వచ్చిన జవాబు మాత్రం చాలా స్పష్టంగా ఉంది. చికిత్స అవసరం నిరూపణ కానందున అనుమతి నిరాకరించడమైనది. మూడు ప్రశ్నలకు మూడుసార్లు జవాబిచ్చిన డాక్టరు ఉత్తరాల ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

ఈసారి ఆసుపత్రికి వెంకటయ్య కూడా వెళ్లాడు. అంతకు ముందు ఒక్కసారీ వెళ్లలేదు. ఆయన దృష్టిలో బీమా అంటే అమ్మేది, ఆసుపత్రి అంటే ఇతరులు పోయేది. మనీషా చేతిలోంచి ఆ నిరాకరణ కాగితం తీసుకుని చదివాడు. తలలో ఏం తిరిగిందో, అక్కడే నిలబడి కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాడు. సంగీతం చాలాసేపు మోగింది. మీ ఆరోగ్యమే మా ధ్యేయమని ఒక ఆడగొంతు మళ్లీ మళ్లీ చెప్పింది. చివరికి ఒక కుర్రగొంతు వచ్చింది. వెంకటయ్య స్పీకరు పెట్టాడు.

"సార్, ఇది నిరాకరించబడింది సార్."

"అది నాకు తెలుసు. ఎందుకు అనేది చెప్పు తమ్మీ."

"చికిత్స అవసరం నిరూపణ కాలేదు సార్."

"ఇంకేం కాగితం కావాలె, అది చెప్పు."

"ఆ వివరాలు మా దగ్గర ఉండవు సార్. దయచేసి మీ ఏజెంటును సంప్రదించండి."

"నేనే ఏజెంటును."

"అయితే మీకు తెలిసే ఉంటుంది కదా సార్. ఇంకేమైనా సహాయం చేయగలనా?"

ఫోన్ కట్టయ్యాక వెంకటయ్య అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీల్లో ఎవరో ముసలాయన, ఆయన కోడలు ఇదంతా విని ఆయన్నే చూస్తున్నారు. అరుణాదేవికి ఆ క్షణంలో అనవలసిన మాటలు చాలా ఉన్నాయి. భర్త మొహం చూస్తే, ఆయన ఇన్నేళ్లుగా సంతల్లో చెప్పిన మాటలన్నీ ఆయనకే వినిపిస్తున్నట్టుంది. అట్లాంటి వాణ్ని తిట్టడానికి కూడా ఏమీ మిగలదు.

మనీషా తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పిన్నని అనొద్దు ఆంటీ. హైదరాబాదుల బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసుంది. అక్కడ కంపెనీ మీద కేసు పెట్టొచ్చు, వకీలు అక్కర్లేదు. కాని ముందుగాల కంపెనీకే ఫిర్యాదు రాయాలె. నెల చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా అప్పుడు అక్కడికి."

"కొట్టినోన్నే ముందుగాల అడగాల్నా, నన్నెందుకు కొట్టినవ్ అని?"

"రూలు అట్లుంది ఆంటీ."

రూలు ప్రకారమే చేశారు. కంపెనీకి ఫిర్యాదు రాసింది వెంకటయ్య. దస్తూరి ఆయనది, మాటలు ఆమెవి. ఆయన మధ్యలో రెండుమూడుసార్లు కలం ఆపాడు. తన పేరు బయటపడితే ఏజెన్సీ పోతుందేమోనన్నాడు.

"పోతె పోనీ. కందిచేను ఉన్నది గదా. చెప్పులు ఇడిచి నడువు," అంది ఆమె.

ఆయన మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. నెల గడిచింది. కంపెనీ నుంచి మీ ఫిర్యాదు మాకు ముఖ్యమైనదని ఒక జవాబు వచ్చింది. అంతే. అంబుడ్స్‌మన్‌కు కేసు పంపారు. విచారణ తేదీ ఇచ్చారు.

ఆ తేదీ ఇంకా రాకముందే కంపెనీకి హఠాత్తుగా దయ కలిగింది. నిన్నటిదాకా నిరూపణ కాని అవసరం ఒక్కరోజులో నిరూపణ అయిపోయింది. కొత్త కాగితమేదీ ఎవరూ పంపలేదు. కొత్త పరీక్షా జరగలేదు. ప్రత్యేక సందర్భంగా పరిగణించి అనుమతి మంజూరు చేయడమైనదని రాశారు. అంతకాలం చదవని ఉత్తరాలను ఇంకొకరు చదువుతారని తెలియగానే వాళ్లకు చదువు వచ్చింది.

వికారాబాదు ఆసుపత్రిలో పై అంతస్తు గదిలో ఆమెకు మందు ఎక్కించారు. సీసాలోంచి చుక్కలు మెల్లగా దిగుతుంటే ఆమె నిద్రపోయింది. వెంకటయ్య ఆ పూటంతా మంచం పక్కన కూర్చున్నాడు. నర్సు వచ్చి రక్తపోటు చూసిన ప్రతిసారీ లేచి నిలబడ్డాడు. పదిహేను రోజులకు రెండోసారి. ఆ తర్వాత వాపు దిగడం మొదలైంది. పొద్దున వేళ్లు ముడిస్తే ముడుచుకున్నాయి. ఒకరోజు శంకరమ్మ వచ్చేసరికి ఆమె తనంతట తానే జడ వేసుకుని కూర్చుంది. మళ్లీ పీట ముందుకు చేరింది. ఎడమచేయి బాగానే తిన్నబడింది. కుడిచేతిలో రెండు వేళ్లు మాత్రం పక్కకు వాలిపోయినట్టే ఉండిపోయాయి. ఇమ్మానుయేలు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇవి ఇక ఇంతేనన్నాడు. ఎండాకాలంలోనే మందు పడి ఉంటే నిలిచేవి అన్నాడు. ఆ రెండు వేళ్లు ఎవరి ఖాతాలో రాయాలో ఏ కంపెనీ నియమావళిలోనూ లేదు.

ఆరునెలలకు రెండో విడత. మనీషా కాగితాలు పంపింది. కంపెనీ అడిగిన ప్రశ్న చూసి ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. మొదటి విడత వల్ల రోగి పరిస్థితి మెరుగుపడినందున, రెండో విడత అవసరమేమిటో వివరించగలరు.

అరుణాదేవి ఈసారి నవ్వలేదు, కోపగించుకోలేదు. ఆమెకు వాళ్ల మీద కోపమన్నది పోయింది. కోపానికి అవతల ఒక మనిషి ఉండాలి. అక్కడ మనిషెవరూ లేరని ఆమెకు అర్థమైపోయింది. "పోయిన కేసు నంబరు పైన రాయి బిడ్డా, పెద్దక్షరాలతోని," అంది. మనీషా అంబుడ్స్‌మన్ కేసు నంబరు వేసి డాక్టరు ఉత్తరాన్ని పంపింది. ఆ వారంలోనే అనుమతి వచ్చింది. ఆ నంబరులో కీళ్లవాతం గురించి ఏ సమాచారమూ లేదు. డాక్టరు రాసిన పేజీలకు లేని శక్తి దానికుంది, అంతే.

వెంకటయ్య ఏజెన్సీ పోలేదు. సన్మానాలకు మాత్రం పిలవడం మానేశారు. ఆయన ఇప్పటికీ కొడంగల్ సంతకు పోతాడు, పాలసీలు అమ్ముతాడు. కాకపోతే కార్డు చూపెట్టుడు, పండుడు అన్న మాట ఆయన నోట రావడం లేదు. ఎవరైనా అడిగితే, ఆపుతరు, ఆపినప్పుడు నా దగ్గరికి రాండ్రి, కూసోని రాద్దాం అంటున్నాడు. అమ్మకాలు తగ్గాయి. ఆ మాట విన్నాక కూడా కొనేవాళ్లు ఇంతకు ముందు కన్నా గట్టివాళ్లు.

మొన్న ప్రవీణ్ దుకాణానికి వచ్చాడు. వెంట కెమెరా పట్టుకున్న ఒక మనిషి. కంపెనీ కొత్త పుస్తకం వేస్తోందట. చికిత్స పొంది కోలుకున్న పాలసీదారుల ఫోటోలు, వాళ్ల మాటల్లో రెండు ముక్కలు. అరుణాదేవి పేరు పైనుంచే వచ్చిందట. పైవాళ్లకు ఆమె చేతులు బాగుపడ్డాయన్న మాట తప్ప మిగతా కథ తెలిసినట్టు లేదు.

"కూసో సార్. రొట్టె తిను," అంది ఆమె. శంకరమ్మ పళ్లెంలో వేడి రొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ పెట్టి తెచ్చింది. "ఫోటో తీసుకో. నా మాటలు గూడ రాసుకో. ఎండకాలంల కాగితం పంపిన కాడికెల్లి చెప్త. ఒక్కటి ఇడిచిపెట్టకుండ రాయాలె."

ప్రవీణ్ కలం తీశాడు. ఆమె రొట్టె కొడుతూ చెప్పడం మొదలుపెట్టింది. మాత్రల ప్రశ్న రాశాడు. మంచం ప్రశ్న రాశాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి కలం నెమ్మదించింది. ఫంక్షన్ హాలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. కలం మూత పెట్టి జేబులో పెట్టుకుని, పళ్లెం దగ్గరికి జరుపుకుని, తల వంచుకుని తిన్నాడు. ఆకలితో ఉన్నట్టున్నాడు, ఇంకో రొట్టె అడిగి మరీ తిన్నాడు. అరుణాదేవి వేసింది. కెమెరా మనిషి ఫోటో తీయాలా వద్దా అన్నట్టు చూస్తుంటే, వద్దని చేత్తో సైగ చేసి లేచాడు.

"రొట్టె మంచిగుందమ్మా," అన్నాడు పోతూ.

"అది మాత్రం రాసుకో, అబద్ధం కాదు," అంది ఆమె.

వాళ్ల కారు స్టేషను వైపు మలుపు తిరిగాక శంకరమ్మ బల్ల తుడిచింది. మూడో విడత దసరా దాటాక పడుతుంది. దానికి కావలసిన కాగితాలు అరుణాదేవి పోయిన వారమే వికారాబాదు పోయి మనీషాకు ఇచ్చి వచ్చింది.